గేటు గార్డు చదివిన చదువు

దుబాయ్‌లో ఏ సైటుకైనా వెళ్లి చూడండి. గేటు పక్కన ఒక క్యాబిన్, అందులో చిన్న ఏసీ, ఒక పొడుగు రిజిస్టరు, ఒక సెక్యూరిటీ గార్డు. రోజూ పొద్దున బస్సు దిగి మనం అతని ముందు నుంచే లోపలికి పోతాం. హెల్మెట్ లేకపోతే ఆపుతాడు. బతాకా అడుగుతాడు. మనకు అతనంటే కొంచెం చిరాకే. 'ఊరికే కూర్చుని జీతం తీసుకుంటున్నాడు' అని మన భాషలో అనుకుంటూ పోతాం. మేమూ అలా అనుకున్నవాళ్లమే.

మేమంటే ఇద్దరం. ఒకరు పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి వచ్చిన సూపర్‌వైజర్. ఇంకొకరు పదో తరగతితో వచ్చి, మేస్త్రీగా మొదలై ఛార్జ్‌హ్యాండ్ అయినవాడు. సోనాపూర్ క్యాంపులో ఒకటే రూము. మా సైటు గేటు దగ్గర కూర్చున్న ఫిలిప్పీనో గార్డు తన దేశంలో ఒక చిన్న యూనివర్సిటీలో నేర న్యాయం చదువుకుని వచ్చినవాడని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటికి మా పాస్‌పోర్టులు కేసు పూచీ కింద జమ అయిపోయాయి.

ఆ రోజు ఏం జరిగింది

2017 ఆగస్టు. మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని ఆపేసే నెలలు. అందుకని తెల్లవారుజామునే పని మొదలయ్యేది. 10.40 అయి ఉంటుంది. నాలుగో అంతస్తులో పైపుల షాఫ్ట్ కోసం వదిలిన కన్నం లోంచి మా గ్యాంగు కుర్రాడు కింద పడ్డాడు. నిజామాబాద్ వైపు వాడు. 26 ఏళ్లు. వచ్చి పద్నాలుగు నెలలు. ఏజెంటుకు కట్టిన డబ్బు అప్పు ఇంకా తీరలేదు. అంబులెన్సు వచ్చేసరికే ప్రాణం పోయింది.

ఆ కన్నం మీద ప్లైవుడ్ మూత ఉండాలి. ముందు రోజు రాత్రి ప్లంబింగ్ సబ్‌కాంట్రాక్టు గ్యాంగు పైపులు ఎక్కించడానికి మూత తీసి, గోడకు ఆనించి పోయింది. పొద్దున మేము చూశాం. ఫోర్‌మన్‌కు ఫోన్ చేసి చెప్పాం. 'సరే, పెట్టిస్తా' అన్నాడు. మేము ఇంకో స్లాబు మీదికి పోయాం. కాగితం మీద ఒక్క ముక్క రాయలేదు. అడ్డంగా ఒక టేపు కూడా కట్టలేదు. ఈ సంగతి ముందే ఒప్పుకుంటున్నాం. మా తప్పేమీ లేదని చెప్పుకోవడానికి ఈ వ్యాసం రాయడం లేదు.

కుర్రాడు పడ్డాక సైటంతా గందరగోళం. 'ముందు ఆ మూత పెట్టేయండి, ఇంకెవడైనా పడతాడు. కింద కడిగేయండి' అని పైనుంచి మాట వచ్చింది. మనోళ్లు పెట్టేశారు. నీళ్లు కొట్టి రక్తం కడిగేశారు. ఎవరూ చెడు బుద్ధితో చేయలేదు. నిన్న పక్కన కూర్చుని అన్నం తిన్నవాడి రక్తాన్ని తొక్కుకుంటూ ఎవరు తిరుగుతారు?

ఆ మూతే కేసును తలకిందులు చేసింది. పోలీసులు వచ్చి చూసేసరికి కన్నం మూసి ఉంది. మూసి ఉన్న కన్నంలోంచి మనిషి ఎలా పడతాడు? ఒక్కటే జవాబు మిగిలింది: వాడే మూత తీసి ఉంటాడు. సాయంత్రానికి ఆఫీసులో అందరి నోటా అదే మాట. తప్పు చచ్చిపోయినవాడి మీదికి పోయింది. వాడు లేచి వచ్చి కాదని చెప్పలేడు కదా.

ఆ రాత్రి మమ్మల్ని ఇద్దరినీ స్టేషన్‌కు పిలిచారు. వాళ్లు అడిగింది హిందీలో, మేము చెప్పింది వచ్చీరాని హిందీలో, రాసుకున్నది అరబ్బీలో. 'మూత మేమే పెట్టాం' అన్నాం. కుర్రాడు పడ్డాక పెట్టామని మా ఉద్దేశం. ఎప్పుడు పెట్టామన్నది విడిగా చెప్పాలని మాకు తోచలేదు. రాత్రి 11 దాటింది. వెంట వచ్చిన కంపెనీ మందూబ్ 'మామూలు కాగితమే, సంతకం పెడితే రూముకు పోవచ్చు' అన్నాడు. పెట్టేశాం.

మూడు వారాల తర్వాత నియాబాకు, అంటే పబ్లిక్ ప్రాసిక్యూషన్ ఆఫీసుకు పిలిచారు. అక్కడ దుబాసీ ఆ కాగితం చదివి చెప్పాడు. మూత మేమే పెట్టామని ఉంది. ఎప్పుడన్నది లేదు. అంటే కుర్రాడు పడేసరికి మూత ఉన్నట్టే లెక్క. అది కాదని చెబితే, 'అప్పుడొక మాట, ఇప్పుడొక మాటా?' అని అడిగారు. పాస్‌పోర్టులు జమ చేసి బయటికి వచ్చాం. ఆ కేసు తొమ్మిది నెలలు నడిచింది. ఆ మధ్యలో మాలో ఒకరి తండ్రి పోయాడు. కొరివి తమ్ముడు పెట్టాడు. పెద్దకర్మ ఫోన్లో చూశాం.

ఎవరూ అడగని మనిషి

నాలుగో వారంలో గార్డే మా దగ్గరికి వచ్చాడు. 'బాస్, నన్నెవరూ ఏమీ అడగలేదు' అన్నాడు. తన రిజిస్టరు తెరిచి చూపించాడు. ముందు రోజు రాత్రి ప్లంబింగ్ గ్యాంగు ఎన్ని గంటలకు లోపలికి వచ్చింది, ఎంతమంది, ఎన్ని పైపులు, ఎప్పుడు బయటికి పోయింది అన్నీ రాసి ఉన్నాయి. కుర్రాడు పడిన చప్పుడు వినగానే అతను టైము రాసి, పైకి పరిగెత్తి, ఎవరూ ఏదీ ముట్టుకోకముందే ఫోన్‌తో ఆరు ఫొటోలు తీశాడు. తెరిచి ఉన్న కన్నం, గోడకు ఆనించిన మూత, కన్నంలోంచి పైకి వచ్చిన పైపుల కొసలు. ఒక ఫొటోలో కొలత తెలియడానికి తన వాకీటాకీ పక్కన పెట్టి మరీ తీశాడు.

తన ఏజెన్సీకి చెప్పి, వాళ్ల అనుమతితో ఆ రిజిస్టరూ ఫొటోలూ దర్యాప్తు అధికారికి ఇచ్చాడు. కేసు మళ్లీ మొదటినుంచి చూశారు. మూత తీసి వదిలేసినందుకు సబ్‌కాంట్రాక్టు వైపు బాధ్యత తేలింది. మా మీద కేసు నిలవలేదు. కుర్రాడు తనంతట తానే మూత తీసుకున్నాడన్న మాట కాగితాల్లోంచి పోయింది. ఎమిరేట్స్‌లో 2003 నాటి చట్టం ప్రకారం పొరపాటున ప్రాణం పోయిన కేసులో దియా, అంటే ప్రాణ పరిహారం, 2,00,000 దిర్హములు. అది ఆ తల్లిదండ్రులకు చేరింది.

కేసు పోయిన రోజు మేము అతనికి దండం పెట్టబోతే వద్దన్నాడు. 'కేసు నిలవకపోవడం వేరు, తప్పు లేకపోవడం వేరు. పొద్దున మీరు ఒక్క లైను రాసి, ఒక్క టేపు కట్టి ఉంటే అతను బతికేవాడు' అన్నాడు. ఆ మాట మాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. గుచ్చుకోవాలి కూడా.

చిన్న యూనివర్సిటీ, పనికొచ్చే చదువు

ఇవన్నీ నీకెలా తెలుసని అడిగాం. అప్పుడు చెప్పాడు. అతనిది విసయాస్ దీవుల్లో ఒక చిన్న పట్టణం. అక్కడి చిన్న యూనివర్సిటీలో నాలుగేళ్లు క్రిమినాలజీ డిగ్రీ చేశాడు. ఫిలిప్పీన్స్‌లో ఈ చదువుకు గిరాకీ ఎక్కువ. పెద్ద నగరాల్లోనే కాదు, మన మండల కేంద్రాల్లాంటి ఊళ్ల కాలేజీల్లో కూడా ఉంటుంది. పిల్లలు యూనిఫాం వేసుకుని, పోలీసు ట్రైనింగులో లాగా పరేడ్ చేస్తూ చదువుతారు. డాక్టర్లకూ ఇంజినీర్లకూ ఉన్నట్టే వాళ్లకూ ప్రభుత్వ లైసెన్సు పరీక్ష ఉంటుంది. దానికి 1972లో ఒక చట్టం చేశారు. 2018లో దాని స్థానంలో కొత్త చట్టం తెచ్చారు. 75 శాతం సగటు రావాలి.

అందులో ఏం చదువుతారు? ఆరు భాగాలు. మొదటిది నేర చట్టం, కోర్టు పద్ధతి. రెండోది పోలీసు వ్యవస్థ నడిచే తీరు. మూడోది క్రిమినలిస్టిక్స్, అంటే వేలిముద్రలు, ఫొటోలు, తుపాకి గుళ్లు, దొంగ సంతకాలు పరీక్షించే విద్య. నాలుగోది దర్యాప్తు. అయిదోది నేరానికి సమాజంలో కారణాలు, నీతి. ఆరోది జైళ్ల నిర్వహణ. క్లాసులో పాఠాలే కాక పోలీసు స్టేషన్లోనూ జైల్లోనూ కొంతకాలం ఉండి పని చూడాలి.

అమెరికాలో ఇలాంటి చదువునే క్రిమినల్ జస్టిస్ అంటారు. అక్కడ దీనికి బీజం వేసింది బర్క్‌లీ ఊరి పోలీసు చీఫ్ ఆగస్ట్ వోల్మర్. పోలీసువాడికి లాఠీ ఒక్కటే చాలదు, చదువు కావాలన్నాడు. 1916లో అక్కడి యూనివర్సిటీలో వేసవి క్లాసులు పెట్టించాడు. తర్వాత 1968లో వచ్చిన చట్టం కింద పోలీసులు కాలేజీలో చదువుకోవడానికి ప్రభుత్వం డబ్బు ఇవ్వసాగింది. దాంతో చిన్నాచితకా కాలేజీల్లో కూడా ఈ విభాగాలు పుట్టుకొచ్చాయి.

మరి అంత చదివినవాడు గేటు దగ్గర ఎందుకున్నాడు? అదీ చెప్పాడు, నవ్వుకుంటూ. లైసెన్సు పరీక్ష పాసయ్యాడు. కానీ పోలీసులో చేరడానికి మగవాళ్లు 1.62 మీటర్ల ఎత్తు ఉండాలి. అతను దానికి రెండు సెంటీమీటర్లు తక్కువ. ఇంట్లో ముగ్గురు చెల్లెళ్లు. గల్ఫ్‌కు వచ్చి గార్డు అయ్యాడు. 2021లో అక్కడ ఎత్తు నిబంధన 1.57 మీటర్లకు తగ్గించారు. అప్పటికి అతనికి 30 ఏళ్లు దాటాయి. పోలీసు ఉద్యోగానికి వయసు పోయింది. రెండు సెంటీమీటర్ల వల్ల వాళ్ల ఊరు ఒక మంచి పోలీసును పోగొట్టుకుంది. మాకు మాత్రం మేలు జరిగింది.

శుక్రవారం క్లాసులు

అప్పట్లో మాకు శుక్రవారం సెలవు. 2018లోనూ 2019లోనూ చాలా శుక్రవారాలు సాయంత్రం అతను మా క్యాంపు మెస్సుకు వచ్చేవాడు. మేము కోడికూర వండేవాళ్లం. అతను చదువు చెప్పేవాడు. ఎనిమిది పది మందిమి కూర్చునేవాళ్లం. అతను ఇంగ్లిషూ గల్ఫ్ హిందీ కలిపి చెబితే, మాలో కొంచెం ఇంగ్లిష్ వచ్చినవాళ్లం తెలుగులో చెప్పేవాళ్లం.

మొదటి క్లాసు వేలిముద్రల మీద. రోజూ పొద్దున మెషీన్ మీద వేలు పెట్టి హాజరు వేయించుకునే మనకు ఈ కథ తెలియాలి. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లిష్ అధికారి ఉండేవాడు. రోడ్డు వేయడానికి కంకర సరఫరా చేసే ఒప్పందం మీద, మాట తప్పకుండా ఉండాలని, కాంట్రాక్టరు చేతి ముద్ర వేయించుకున్నాడు. ఆ కాంట్రాక్టరు పేరు రాజ్యధర్ కోనాయ్. మనలాంటి పనివాడే. అక్కడ మొదలైన ఆలోచన పెరిగి పెరిగి 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో అయింది. ఆ ముద్రలను వరుసగా పేర్చి వెతికే పద్ధతి తయారు చేయడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మన దేశస్థులు పనిచేశారు. పేరు మాత్రం పై అధికారి హెన్రీకి వచ్చింది. ఫిలిప్పీన్స్‌లో ఒక చిన్న యూనివర్సిటీ పుస్తకంలో కలకత్తా పేరు ఉందని గార్డు చెబితే మా మేస్త్రీలు చప్పట్లు కొట్టారు. 'పని చేసేది మనం, పేరు ఫోర్‌మన్‌ది' అని ఒకాయన అంటే అందరం నవ్వాం.

రెండో క్లాసు ఎడ్మండ్ లొకార్డ్ గురించి. 1910లో ఫ్రాన్స్‌లోని లియోన్ ఊళ్లో పోలీసు ప్రయోగశాల పెట్టినవాడు. ఒక మనిషి ఒక చోటికి వచ్చి పోతే, అక్కడ తనది ఏదో వదిలిపోతాడు, అక్కడిది ఏదో తన వెంట తీసుకుపోతాడు. లొకార్డ్ సిద్ధాంతం క్లుప్తంగా ఇదే. మన బూట్ల సిమెంటు చూస్తే ఏ అంతస్తులో పనిచేశామో తెలుస్తుంది కదా, అలాగన్నమాట. అందుకే జరిగిన చోటును కదపకూడదు. కడిగిన నీళ్లతో పాటు నిజం కూడా కొట్టుకుపోతుంది.

మూడోది, దొరికిన వస్తువు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో ప్రతిసారీ రాసుకోవడం. మధ్యలో ఒక్క చోట రాత లేకపోయినా కోర్టులో దాని విలువ పడిపోతుంది. స్టోరు నుంచి సామాను తెచ్చేటప్పుడు మనం సంతకాలు పెడుతూ తేలేదా? అదే పద్ధతి.

మూత, మాట, సంతకం

ఆ క్లాసుల్లో నేర్చుకున్నదంతా ఇక్కడ రాయలేం. ముఖ్యంగా మూడు సంగతులు చెబుతాం. మా రూములో వీటిని 'మూత, మాట, సంతకం' అంటాం.

మూత: ప్రమాదం జరిగితే ముందు మనిషిని కాపాడాలి. అంబులెన్సు పిలవాలి. ఇంకొకరు పడకుండా దూరంగా అడ్డు కట్టాలి. ఆ తర్వాత పోలీసులు వచ్చేదాకా ఏదీ కదపకూడదు, కడగకూడదు, పెట్టకూడదు, తీయకూడదు. ఎవరు చెప్పినా సరే. గాయపడినవారి ఫొటోలు వాట్సాప్‌లో తిప్పడం అసలే వద్దు, అది ఇంకో కేసు అవుతుంది.

మాట: స్టేషన్లో ఏం చెప్పినా టైముతో చెప్పండి. 'మూత పెట్టాం' అంటే చాలదు. 'కుర్రాడు పడిన తర్వాత, ఫలానా టైముకు పెట్టాం' అనాలి. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు వేరువేరుగా చెప్పాలి. తెలియనిది తెలియదనాలి. ఊహించి చెప్పవద్దు. తోటివాడిని కాపాడాలని చెప్పే చిన్న అబద్ధం చివరికి వాడికే ఉచ్చు అవుతుంది.

సంతకం: అరబ్బీలో రాసిన కాగితం మీద, అది మనకు అర్థమయ్యే భాషలో చదివి చెప్పకుండా సంతకం పెట్టవద్దు. అరబ్బీ రానివారిని దుబాసీ ద్వారా విచారించాలని అక్కడి చట్టమే చెబుతుంది. 'ముతర్జిమ్ కావాలి' అని మర్యాదగా అడగండి. అడగడం ఎదురు తిరగడం కాదు. హిందీ సరిగ్గా రాకపోతే రాదనే చెప్పండి. మనకు హిందీ వచ్చని చెప్పుకోవడం ఒక గొప్ప. ఆ గొప్పే మమ్మల్ని ముంచింది. అరెస్టు అయితే మన కాన్సులేట్‌కు తెలియజేయమని అడిగే హక్కు 1963 వియన్నా ఒప్పందం ఇచ్చింది.

ఇది మా ఇద్దరి గోడే కాదు. సిరిసిల్ల ప్రాంతం నుంచి వెళ్లిన అయిదుగురి సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2005లో దుబాయ్‌లో నేపాల్ వాచ్‌మన్ ఒకరు చనిపోయిన కేసులో వాళ్లకు శిక్ష పడింది. 2011లో కేటీఆర్ నేపాల్ వెళ్లి మృతుడి కుటుంబానికి 15 లక్షల రూపాయలు అందించి క్షమాభిక్ష పత్రం తెచ్చారు. అయినా వాళ్లు ఇల్లు చేరింది 2024 ఫిబ్రవరిలో. సుమారు 18 ఏళ్లు. వదిలిపోయిన పసిపిల్లలు పెళ్లీడుకు వచ్చారు. ఇంటి దగ్గరివాళ్లకు ఆ దేశంలో కేసు ఎలా నడుస్తుందో, క్షమాపణ ఎవరు ఇవ్వాలో, ఆ కాగితం ఏ ఆఫీసుకు పోవాలో తెలుసుకోవడానికే ఏళ్లు పడతాయి. నేర న్యాయం తెలియకపోతే ఎంత కాలం పోతుందో చూడండి.

తెలియక చేసే నేరాలు

మన దగ్గర నేరం కానిది అక్కడ నేరం కావచ్చు. గార్డు క్లాసుల్లో మాకు ఎక్కువ ఆశ్చర్యం వేసింది ఇక్కడే. గసగసాలు మన వంటింట్లో మసాలా దినుసు. ఎమిరేట్స్‌లో అవి నిషేధం, మత్తుమందుల చట్టం కిందికి వస్తాయి. మటన్ కూరలో వేసుకుంటాడులే అని అమ్మ పెట్టిన పొట్లం కొడుకును ఎయిర్‌పోర్టులోనే ఆపగలదు. ట్రామడాల్ లాంటి నొప్పి మాత్రలు కూడా అనుమతి లేకుండా తేకూడదు. ఎవరో 'మా బామ్మర్దికి ఇవ్వు అన్నా' అని ఇచ్చిన పార్శిల్ విప్పి చూడకుండా తీసుకుంటే, దానికి జవాబు మీరే చెప్పాలి.

ఇంకొకటి. తోటివాడు చనిపోతే శవాన్ని ఊరికి పంపడానికి మనం వెంటనే చందాలు పోగు చేస్తాం. అది మనకు పుణ్యం. అక్కడ 2021 విరాళాల చట్టం ప్రకారం అనుమతి ఉన్న సంస్థల ద్వారానే విరాళాలు సేకరించాలి. మంచి పని చేయబోయి కేసులో పడవద్దు. కాన్సులేట్ దగ్గర ప్రవాసుల సంక్షేమ నిధి ఉంది. 2009లో పెట్టింది. శవాన్ని పంపడానికీ, దిక్కులేని ఖైదీకి న్యాయ సాయానికీ దాన్ని అడగవచ్చు. వాట్సాప్‌లో బూతులు తిట్టడం, అడగకుండా ఒకరి ఫొటో తీయడం కూడా అక్కడ నేరాలే. 'కోపంలో అన్నాను సార్' అంటే వినరు.

మరి మనం ఎక్కడ చదవాలి?

ఇది చదివి, మాకూ ఈ చదువు చదవాలని ఉందని అడిగేవాళ్లు ఉంటారు. మేమూ వాకబు చేశాం. ఇగ్నోలో క్రిమినల్ జస్టిస్ పీజీ డిప్లొమా ఉంది. దానికి డిగ్రీ కావాలి. మా పాలిటెక్నిక్ డిప్లొమా అక్కడ చెల్లదు. ఇంటర్ చదివినవారికి పారాలీగల్ ప్రాక్టీస్ డిప్లొమా ఉంది. మాలో ఒకరు దానికే తయారవుతున్నారు. ఒక్క సంగతి జాగ్రత్త. దూరవిద్యలో ఎల్ఎల్‌బీ ఇస్తామని ఎవరైనా చెబితే నమ్మి డబ్బు కట్టవద్దు. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం రోజూ క్లాసుకు వెళ్లి చదివిన లా డిగ్రీకే లాయరుగా గుర్తింపు.

పిల్లలను చదివించేవాళ్లకు మన దగ్గరే చిన్న యూనివర్సిటీలు ఉన్నాయి. హైదరాబాద్ దగ్గర షామీర్‌పేటలో 1998లో మొదలైన నల్సార్, విశాఖ వైపు 2008లో పెట్టిన దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ. వేల మంది ఉండే యూనివర్సిటీలు కావు, సీట్లు తక్కువ, క్లాట్ అనే పరీక్ష రాయాలి. 2024 జులై 1 నుంచి మన దేశంలోనూ నేర చట్టాలు మారాయి. 1860 నాటి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. కొత్త పద్ధతిలో ఫిర్యాదును ఇంటర్నెట్ ద్వారా కూడా పంపవచ్చు, మూడు రోజుల్లో సంతకం చేయాలి. ఏ పోలీసు స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు. మోసం చేసిన ఏజెంటు మీద ఊళ్లోని మన ఇంటివాళ్లు ఫిర్యాదు పెట్టాలంటే ఇది తెలిసి ఉండాలి. ఇంటికొక ఇంజినీరు ఉన్నాడు మనకు. ఊరికొక న్యాయం చదివిన పిల్ల ఉంటే గల్ఫ్ కుటుంబాలకు ఎంత ఆసరా!

అందరికీ యూనివర్సిటీ కుదరదు, నిజమే. 2018 నుంచి మన విదేశాంగ శాఖ గల్ఫ్‌కు పోయేవారికి ఒక రోజు శిక్షణ ఇప్పిస్తోంది. బ్యాంకు ఖాతా, ఎయిర్‌పోర్టు, మర్యాదలు అన్నీ చెబుతారు. అందులో ఒక్క గంట ఈ మూడింటికీ ఇవ్వాలని, మన రెండు రాష్ట్రాల విదేశీ ఉపాధి సంస్థలనూ గల్ఫ్ సంఘాలనూ కోరుతున్నాం: జరిగిన చోటును ఎలా కాపాడాలి, వాంగ్మూలం ఎలా ఇవ్వాలి, ఏ కాగితం మీద సంతకం పెట్టకూడదు. తెలుగులో చెప్పాలి. వీలైతే ఒక ఉత్తుత్తి స్టేషన్ పెట్టి, అరబ్బీ కాగితం చేతికిచ్చి, 'సంతకం పెట్టు' అని గదమాయించి చూడాలి. ఒక్కసారి అలా అలవాటైతే నిజం స్టేషన్లో నోరు పెగులుతుంది.

మా గార్డు 2022లో ఊరికి పోయాడు. చెల్లెళ్ల పెళ్లిళ్లు అయ్యాయి. ఇప్పుడు వాళ్ల పట్టణంలోనే తాను చదివిన చిన్న యూనివర్సిటీలో పిల్లలకు పాఠాలు చెబుతున్నాడు. మా సైటు ఫొటోలు, ఊరూ పేరూ లేకుండా, అక్కడ క్లాసులో చూపిస్తున్నాడట. చూపించే ముందు ఆ కుర్రాడి తల్లిదండ్రులను మా ద్వారా అడిగించాడు. 'ఇంకొకరి బిడ్డ బతుకుతాడంటే చూపించమనండి' అంది ఆ తల్లి.

ఆ రోజు నుంచి మా ఇద్దరి జేబుల్లో రెండు దిర్హముల చిన్న నోటు పుస్తకం ఉంటుంది. పొద్దున స్లాబు ఎక్కగానే తేదీ, టైము, ఏ కన్నం మీద మూత లేదో, ఎవరికి చెప్పామో రాస్తాం. మూత పడేదాకా అక్కడినుంచి కదలం. అన్నలారా, తమ్ముళ్లారా, ఈ ఆదివారం మీరూ ఒక పుస్తకం కొనుక్కోండి. ఈ చదువుకు అది మొదటి ఫీజు.